క్యాన్సర్ కణాలను చంపే ప్రకృతి పదార్థాలు: ఇంట్లో రోగి ఉన్నవారు వాటిని తూచుకోవలసిన తీరు

పసుపులోని కర్కుమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందన్న మాట అబద్ధం కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్, పిప్పళ్ళలోని పైపర్‌లాంగుమిన్, వేపలోని నింబోలైడ్, అశ్వగంధలోని విథాఫెరిన్, చిత్రమూలంలోని ప్లంబాజిన్ కూడా ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపుతాయి. ఆ చంపడంలో ఆక్సీకరణ ఒత్తిడికి పెద్ద పాత్రే ఉంది. గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో ఒక ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, వారం తిరగకముందే ఈ పేర్లన్నీ బంధువుల ద్వారా, ఫోన్ల ద్వారా ఆ ఇంటికి చేరుతాయి. ప్రతి మాట వెనుకా ఏదో ఒక పరిశోధన కనిపిస్తుంది కాబట్టి చదువుకున్నవారు కూడా ఏది నమ్మాలో తేల్చుకోలేరు. గుంటూరులో చాలా ఏళ్ళు జీవరసాయన శాస్త్రం బోధించిన నేను, మా బావగారి చికిత్స సమయంలో ఆ అయోమయాన్ని మా ఇంట్లోనే చూశాను. అలాంటి మాట మీ చెవిన పడినప్పుడు దానిని ఏ వరుసలో పరీక్షించుకోవాలో, రోగి విషయంలో ఏం చేయాలో, ఏది చేయకూడదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందు ఆ చంపడం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. అది తెలియకపోతే తరువాత చెప్పే జాగ్రత్తలకు అర్థం ఉండదు. మన కణాలలోని మైటోకాండ్రియాలు తిండిని శక్తిగా మార్చేటప్పుడు కొంత ఆక్సిజన్ దారితప్పి సూపర్ ఆక్సైడ్‌గా, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. కణంలోని ఇనుము ఆ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే అత్యంత చురుకైన రూపం పుట్టి, ఎదురుగా ఏది ఉంటే దానిని, అది కొవ్వుపొర అయినా డి.ఎన్.ఏ. అయినా, అక్కడికక్కడే దెబ్బతీస్తుంది. దీనిని అదుపులో పెట్టడానికి కణం గ్లూటాథియోన్‌ను, కెటలేజ్ వంటి ఎంజైములను నిత్యం సిద్ధంగా ఉంచుకుంటుంది. ఉత్పత్తి ఎక్కువై, అదుపు చాలకపోయిన స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం.

క్యాన్సర్ కణం వేగంగా పెరుగుతుంది కాబట్టి దానిలో ఈ ఉత్పత్తి మామూలు కణంలో కంటే ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. పొయ్యి మీద పెద్ద మంటకు అంచుదాకా వచ్చి నిలిచిన పాలగిన్నెను ఊహించండి: ఇంకొంచెం మంట పెంచితే అది పొంగిపోతుంది, పక్క పొయ్యి మీద సగం వరకే పాలున్న గిన్నె మాత్రం అదే మంటకు తట్టుకుంటుంది. ఆక్సీకరణ ద్వారా క్యాన్సర్‌ను చంపాలన్న ఆలోచనకు మూలం ఇదే. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన పైపర్‌లాంగుమిన్ పరిశోధన అంత ఆసక్తిని రేపడానికి కారణం కూడా ఇదే. ఆ పదార్థం క్యాన్సర్ కణాలలో ఆక్సీకరణను పెంచి చంపింది, మామూలు కణాలను చాలావరకు వదిలేసింది. మన పాడేరు ఏజెన్సీలో పండే పిప్పళ్ళ నుంచి అలాంటి అణువు రావడం నాకు నిజంగా సంతోషాన్నిచ్చింది. అయితే ఆ పని కణాల మీద, ఎలుకల మీద జరిగింది. ఇప్పటికీ పైపర్‌లాంగుమిన్ మనుషులకు ఇచ్చే మందుగా ఆమోదం పొందలేదు.

పాలగిన్నె పోలికలో దాగిన చిక్కు కూడా ఒకటి ఉంది. మొండిగా ముదిరిన క్యాన్సర్ కణాలు తమ గ్లూటాథియోన్‌ను విపరీతంగా పెంచుకుంటాయి; అంటే అవి గిన్నెను మార్చి పెద్దది పెట్టుకుంటాయి. గుండె, మూత్రపిండం, నరం వంటి కొన్ని మామూలు కణాలకు ఉండే ఓర్పు మనం అనుకున్నంత పెద్దది కాదు. ఏ ఆసుపత్రి కీమో వార్డులో అడిగినా ‘ఎర్ర ఇంజక్షన్’ అంటే అందరికీ తెలుస్తుంది. సిరంజిలో దానిమ్మరసంలా కనిపించే ఆ డాక్సోరూబిసిన్‌ను నర్సు నెమ్మదిగా ఎక్కిస్తుంది, ఆ రోజంతా మూత్రం ఎర్రగా వస్తుంది. అది మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం, అంటే నూటికి నూరుపాళ్ళూ ప్రకృతి పదార్థమే. అది పనిచేసే మార్గాలలో ఆక్సీకరణ ఒకటి, అదే ఆక్సీకరణ గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. అందుకే ముందుగా ఎకో పరీక్ష చేస్తారు, ఒక మనిషికి జీవితకాలం మొత్తంలో ఇవ్వదగిన మోతాదును శరీర ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాముల దగ్గర ఆపేస్తారు. క్యాన్సర్ కణాన్ని ఆక్సీకరణతో చంపగలిగిన ఏ పదార్థం గురించి విన్నా, అది గుండెను, కాలేయాన్ని ఏం చేస్తుంది, దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్న వెంటనే మనసులో పుట్టాలి. ‘ప్రకృతిసిద్ధం కాబట్టి హాని లేదు’ అనేవారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు, దానిని దాటవేస్తున్నారు.

ఇక పరీక్షించే పద్ధతికి వద్దాం. ఎవరైనా ఒక పరిశోధనను చూపినప్పుడు మొదట అది ఎవరి మీద జరిగిందో వెతకాలి: ప్రయోగశాల పళ్ళెంలోని కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? పళ్ళెంలో జరిగినదైతే దానిని ఒక ఆశగా గుర్తుపెట్టుకోవచ్చు, వైద్యంగా మాత్రం లెక్కించకూడదు. పళ్ళెంలోని కణాలకు గాలిలోని దాదాపు 20 శాతం ఆక్సిజన్ అందుతుంది. మన శరీర కణజాలాలలో చాలావాటికి అందేది 5 శాతం లేదా అంతకంటే తక్కువ. గ్రీన్ టీలోని ఇ.జి.సి.జి. వంటి పదార్థాలు ఆ పళ్ళెంలోని పోషక ద్రవంలోనే కరిగి ఆక్సీకరణ చెంది, కణంలోకి వెళ్ళకముందే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. అప్పుడు కణాలను చంపింది టీ పదార్థమా, పళ్ళెంలో పుట్టిన పెరాక్సైడా అన్నది వేరే ప్రయోగం చేస్తే తప్ప తేలదు. మనిషి రక్తంలో ఆ పరిస్థితి ఉండదు, ఎందుకంటే మన ఎర్ర రక్తకణాలలోని కెటలేజ్ పెరాక్సైడ్‌ను క్షణాలలో విడగొట్టేస్తుంది.

రెండవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, మోతాదు లెక్క. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, కాగితం కలం ఉంటే చాలు. కర్కుమిన్‌తో కణాలను చంపిన ప్రయోగాలలో సాధారణంగా 10 నుంచి 50 మైక్రోమోలార్ల సాంద్రత వాడతారు. 2001లో ప్రచురితమైన తైవాన్ పరీక్షలో మనుషులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్కుమిన్ ఇచ్చినా, రక్తంలో సగటు గరిష్ఠ సాంద్రత 2 మైక్రోమోలార్లను కూడా చేరలేదు, ఆ కాస్తా కొన్ని గంటల్లోనే పడిపోయింది. పేగు దానిని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్నదానిని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. ఇప్పుడు వంటింటి లెక్క చూడండి. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. ఆ 8 గ్రాములు కావాలంటే రోజుకు పావుకిలోకు పైగా పసుపు తినాలి, తిన్నా రక్తంలో పళ్ళెంలోని మోతాదు రాదు. దుగ్గిరాల యార్డులో బస్తాల కొద్దీ కొమ్ములు చూస్తూ పెరిగినవాడిని, పసుపంటే నాకు చిన్నచూపు లేదు. ఈ లెక్క మాత్రం ఇలాగే ఉంది.

ఈ లోటును పూడ్చడానికే మార్కెట్లో కర్కుమిన్‌కు మిరియాలలోని పైపరిన్‌ను కలిపిన గుళికలు వచ్చాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చితే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరుగుతుందని చూపారు. ఇక్కడే ప్రమాదం మొదలవుతుంది. పైపరిన్ ఇది కర్కుమిన్, అది కీమో మందు అని ఎంచదు. మందులను విడగొట్టే పేగు, కాలేయ ఎంజైములను అది సాధారణంగా మందగింపజేస్తుంది. డోసిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ వంటి మందులు విరిగిపోయేది ఆ ఎంజైముల ద్వారానే. ఒంటి బరువు, పొడవు చూసి మిల్లీగ్రాముల లెక్కన నిర్ణయించిన మందు అనుకున్నదానికంటే ఎక్కువసేపు రక్తంలో నిలిచిందంటే, అది డాక్టరు రాసిన మోతాదు కాదు. పైపరిన్ కలిపిన కర్కుమిన్ గుళికల వల్లా, అశ్వగంధ గుళికల వల్లా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

మా ఇంట్లో జరిగింది అదే. బావగారికి పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో నడుస్తుండగా, రెండవ విడత తరువాత రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు బాగా పెరిగి కనిపించాయి. మూడవ విడత వాయిదా పడింది. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి, “ఇంకేమైనా వాడుతున్నారా అండీ?” అని అడిగారు. బావగారు తల అడ్డంగా ఊపారు. అక్క ఒక్క నిమిషం నేల వైపు చూసి, తన గుడ్డసంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్లమీద పెట్టింది: విదేశంలో ఉన్న బంధువు పంపిన కర్కుమిన్, పైపరిన్ గుళికల సీసా, పత్రికలో చుట్టిన లక్ష్మణఫలం ఆకుపొడి, సగం ఖాళీ అయిన విటమిన్ ఇ అట్ట. “చెబితే కోప్పడతారేమోనని చెప్పలేదు డాక్టరుగారూ” అంది. ఆయన కోప్పడలేదు. ఒక్కొక్క సీసా వెనకవైపు చదివి, “మంచి పని చేశావమ్మా, ఇప్పుడు కారణం వెతకడానికి మనకు ఒక దారి దొరికింది” అన్నారు. మూడూ ఆపిన తరువాత ఎంజైములు తగ్గాయి, రెండు వారాలు ఆలస్యంగా మూడవ విడత ఎక్కించారు. చెప్పకుండా వాడినన్నాళ్ళూ, ఆ పెరుగుదలకు కీమోయే కారణమనుకుని మోతాదు తగ్గించే ప్రమాదం ఉండేదని ఆయన చెప్పినప్పుడు మా అక్క ముఖం చూడలేకపోయాను.

లక్ష్మణఫలం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య మన ఊళ్ళలో దాని పండ్లను, ఆకులను క్యాన్సర్ పేరు చెప్పే అమ్ముతున్నారు. సీతాఫలం కుటుంబానికి చెందిన ఈ చెట్టులో అనోనాసిన్ అనే పదార్థం ఉంది. అది మైటోకాండ్రియాలో శక్తిని తయారుచేసే ప్రోటీన్ల మొదటి సముదాయాన్ని మూసివేసి, కణానికి శక్తి అందకుండా చేస్తుంది. పళ్ళెంలో క్యాన్సర్ కణం చచ్చేది అందుకే. మెదడులోని నరాల కణాలకు కూడా అదే మొదటి సముదాయం ఆధారం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన, మామూలు మందులకు లొంగని వ్యాధి ఎక్కువగా కనిపించగా, ఈ కుటుంబపు పండ్లను, ఆకుల కషాయాన్ని నిత్యం తీసుకునే అలవాటుకు దానితో సంబంధం ఉందని 1999లో పరిశోధకులు గుర్తించారు. ఎప్పుడో ఒక పండు తింటే భయపడనవసరం లేదు. నెలల తరబడి రోజూ ఆకు మరిగించి తాగించడం మాత్రం చేయవద్దు.

మూడవ పరీక్ష సమయానికి సంబంధించినది. రోగికి ప్రస్తుతం ఏ చికిత్స నడుస్తోంది? మనవారు ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్ డి.ఎన్.ఏ.కు చేసే నష్టంలో ఎక్కువ భాగం నీటి అణువుల నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ ద్వారానే జరుగుతుంది. అంటే చికిత్సే ఆక్సీకరణను ఆయుధంగా వాడుకుంటోంది. అప్పుడు ఇంట్లో యాంటీ ఆక్సిడెంట్ గుళికలు మింగించడమంటే, ఒక చేత్తో నిప్పు పెడుతూ మరో చేత్తో నీళ్ళు చల్లడమే. కెనడాలోని క్యుబెక్‌లో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి: విటమిన్ ఇ, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో నోటిపూత వంటి బాధలు కొంత తగ్గినా, క్యాన్సర్ తిరిగి వచ్చే ధోరణి పెరిగింది. బాధ తగ్గింది కాబట్టి మేలు జరుగుతోందని రోగీ, ఇంట్లోవారూ అనుకోవడం ఎంత సహజమో ఆలోచించండి. చర్మం తెల్లబడటానికని అమ్మే గ్లూటాథియోన్‌ను కూడా చికిత్స కాలంలో ముట్టుకోకూడదు. పైన చెప్పుకున్నట్లు క్యాన్సర్ కణం తనను తాను కాపాడుకునేది దానితోనే.

పొగాకు పండించే, పొగాకు కాల్చే మన ప్రాంతంవారు మరొక ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులతో జరిగిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ గుళిక తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. ఇది క్యారెట్టు, మునగాకు, గుమ్మడికి వర్తించే మాట కాదు, గుళికలకు వర్తించేది. ‘విటమిన్ కదా, మంచిదే’ అన్న నమ్మకం ఎంత తలకిందులు కాగలదో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథలోనే ఉంది. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ రూపాలు ఇచ్చినప్పుడు జబ్బు ముదిరిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు సుబ్బారావుగారి బృందం ఆ విటమిన్‌కు విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అందించింది, 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగింది. దాని సోదరుడైన మిథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

విటమిన్ సి విషయం కొంచెం లోతుగా చూడదగినది, ఎందుకంటే ఒకే పదార్థం మోతాదును బట్టి రెండు విరుద్ధ పనులు చేస్తుందని అది చక్కగా చూపిస్తుంది. 1976లో వైద్యుడు ఇవాన్ కామెరాన్, రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ అధిక మోతాదు విటమిన్ సి రోగుల ఆయుష్షు పెంచిందని ప్రకటించారు. అమెరికాలోని మేయో క్లినిక్‌వారు 1979లోనూ 1985లోనూ రోజుకు 10 గ్రాములు నోటి ద్వారా ఇచ్చి చూసి ప్రయోజనం లేదన్నారు. తేడా ఎక్కడుందంటే, పాలింగ్ పక్షం మొదట నరం ద్వారా కూడా ఇచ్చింది. నోటితో ఎంత తిన్నా పేగు, మూత్రపిండాలు అడ్డుపడి రక్తంలో సాంద్రత సుమారు 0.2 మిల్లీమోలార్ల దగ్గర ఆగిపోతుంది. నరం ద్వారా ఇస్తే అది 10 మిల్లీమోలార్లు దాటుతుంది. ఆ స్థాయిలో విటమిన్ సి యాంటీ ఆక్సిడెంట్‌గా కాక, కణజాల ద్రవంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించే పదార్థంగా మారుతుందని 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు చూపారు. అందువల్ల రోజూ ఎన్ని ఉసిరికాయలు తిన్నా, ఎన్ని మాత్రలు చప్పరించినా ఆ ఫలితం రాదు.

మరి నరం ద్వారా ఎక్కించుకోవచ్చా? 2024లో అమెరికాలోని అయోవాలో ముదిరిన క్లోమ క్యాన్సర్ రోగులు 34 మందిపై జరిగిన చిన్న పరీక్షలో, కీమోకు తోడుగా 75 గ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు ఇచ్చినప్పుడు మధ్యస్థ జీవితకాలం 8.3 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. అంతకుముందు 2022లో చైనాలో పెద్దపేగు క్యాన్సర్ రోగులు 442 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం జబ్బును అదుపులో ఉంచే కాలం పెరగలేదు. కాబట్టి ఇది పరీక్ష దశలో ఉన్న విషయం, వీధిచివరి క్లినిక్కులో డబ్బు కట్టి ఎక్కించుకోవలసినది కాదు. ఎవరైనా సలహా ఇస్తే ముందుగా ఎర్ర రక్తకణాలను కాపాడే జి-6-పి-డి అనే ఎంజైము పరీక్ష జరగాలి. ఆ ఎంజైము లోపం మన దేశంలో అరుదేమీ కాదు, అది ఉన్నవారికి అధిక మోతాదు విటమిన్ సి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ఆక్సలేట్ పేరుకుంటుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఆ రోజు ఇంట్లోని గ్లూకోమీటరు తప్పుగా ఎక్కువ చూపవచ్చు. దానిని నమ్మి ఇన్సులిన్ వేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

పనిచేసే మార్గాలలో ఆక్సీకరణ కూడా ఒకటిగా ఉండి, నిజంగా మందుగా నిలిచిన ప్రకృతి పదార్థానికి మరో ఉదాహరణ కావాలంటే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఉంది. మనం పాషాణం అనేదే. 1970లలో చైనాలోని హర్బిన్ వైద్యులు సంప్రదాయ మందు నుంచి దానిని ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే ఒక రకం రక్త క్యాన్సర్‌కు తెచ్చారు, 2000లో అమెరికా ఆమోదించింది, మన వేలూరు సి.ఎం.సి. వైద్యులు దానితో విశేషంగా పనిచేశారు. ఆసుపత్రిలో పొటాషియం, మెగ్నీషియం, ఇ.సి.జి. చూసుకుంటూ ఇస్తేనే అది మందు. దాని పేరు చెప్పి నాటుగా ఇచ్చే భస్మం విషమే.

వంటింటి విషయంలో సంకోచం వద్దు. పప్పులో పసుపు, చారులో మిరియాలు, ఆహారంగా తీసుకునే ఏ దినుసునూ సాధారణ పాళ్ళలో ఆపనవసరం లేదు. నోటిపూత ఉన్నప్పుడు కారం తగ్గించాలి. మిరపకాయలోని క్యాప్సైసిన్ పళ్ళెంలో కణాలను చంపినంత మాత్రాన అతికారం రక్షణ కాదు. మిరప అతిగా తినేవారిలో జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువని కొన్ని పరిశీలనలు సూచించాయి. సరిగా ఎండని కాయకు పట్టే బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు రుజువైన కారణం, అదీ ప్రకృతి పదార్థమే. కాబట్టి మెత్తగా, నల్లమచ్చలతో ఉన్న కాయను చవకగా వచ్చిందని కొనవద్దు. పొడి పసుపులో రంగు కోసం సీసపు లవణం కలిపే మోసాలు బయటపడ్డాయి. కొమ్ములు కొని దగ్గరుండి మరపట్టించుకోవడం మంచిది. తెల్లరక్తకణాలు తగ్గిన రోజుల్లో గోధుమగడ్డి రసం వంటి పచ్చి రసాలు ఇవ్వవద్దు, అవి ఇన్‌ఫెక్షన్ తేవచ్చు.

ప్రకటన చూసినప్పుడు ఒక చట్టం గుర్తుంచుకోండి. 1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడాన్నే నిషేధించింది. ఎవరైనా ‘మా మందుపై పరీక్షలు జరుగుతున్నాయి’ అంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సంఖ్య అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో నమోదు తప్పనిసరి, ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు. నిజమైన పరీక్షలో రోగి దగ్గర మందు ఖరీదు వసూలు చేయడం చాలా అరుదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి క్యాన్సర్ విభాగంలోగానీ, మంగళగిరి ఎయిమ్స్‌లోగానీ, మీరు చూపించుకుంటున్న చోటగానీ ఆ సంఖ్య చూపించి అభిప్రాయం అడగవచ్చు.

ఇక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు చేయవలసినది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, రోగి నోటిలోకి వెళ్ళే ప్రతిదాన్నీ, అది లేహ్యమైనా, కషాయమైనా, ప్రసాదమని ఇచ్చిన పొడి అయినా, పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీతో రాయండి. సీసాలను కూడా సంచిలో తీసుకువెళ్ళండి, ఎందుకంటే పేరు కంటే వెనుక ముద్రించిన పాళ్ళే డాక్టరుకు ముఖ్యం. తరువాత మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఇప్పుడు నడుస్తున్న మందును పెంచుతుందా, తగ్గిస్తుందా? కాలేయం, మూత్రపిండాలు దీనిని తట్టుకుంటాయా? చికిత్స ముగిశాక వాడాలంటే ఎన్నాళ్ళు ఆగాలి? జవాబును అదే వరుసలో ఆయన చేతే రాయించుకోండి, లేకపోతే ఇంటికి వచ్చేసరికి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా గుర్తుంటుంది.

మా అక్క ఆ సంచి సంఘటన తరువాత అలాంటి పుస్తకం పెట్టింది. మొదటి పేజీ మొదటి వరుసలో ‘పప్పులో పసుపు, అర చెంచా’ అని ఉంది. దాని పక్కన డాక్టరుగారు ‘వాడవచ్చు’ అని రాసి సంతకం చేశారు.